వార్తల్లో పదం: ఏటీఎక్స్

పాత కంప్యూటర్‌కు కొత్త పవర్ సప్లై బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగిపోతోందా? దుకాణదారుతో గొడవకు దిగే ముందు ఈ పదం తెలుసుకోవాలి. మదర్‌బోర్డు, క్యాబినెట్, పవర్ సప్లై ఒకదానికొకటి అమరేలా ఇంటెల్ 1995లో తెచ్చిన ప్రమాణమే ఏటీఎక్స్.

మొదట ప్రధాన కనెక్టర్‌కు 20 పిన్‌లుండేవి. 2003లో వచ్చిన ఏటీఎక్స్12వీ 2.0తో అవి 24 అయ్యాయి. ఇందులో పెద్ద ఇబ్బంది లేదు, చాలా సప్లైల్లో చివరి నాలుగూ విడిగా ఊడివస్తాయి.

అసలు చిక్కు కరెంటు పంపకంలో ఉంది. పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీ కాలపు బోర్డులు చాలావరకు ప్రాసెసర్‌కు 5 వోల్టుల లైన్ నుంచే కరెంటు ఇచ్చేవి. ఇప్పటి సప్లైల బలమంతా 12 వోల్టుల మీదే. పెట్టె మీద 600 వాట్లని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, లేబుల్‌పై 5 వోల్టుల గడిలో 20 ఆంపియర్లుంటే ఆ లైన్‌కు దక్కేది 100 వాట్లే! మైనస్ 5 వోల్టులనైతే ప్రమాణం నుంచే తీసేశారు. ఐఎస్‌ఏ స్లాట్‌లో పెట్టే కొన్ని పాత సౌండ్ కార్డులు అది లేక మూగబోతాయి.

ప్రాసెసర్‌కిచ్చే 8 పిన్‌ల కనెక్టర్, గ్రాఫిక్స్ కార్డుకిచ్చేదీ చూపుకు ఒకేలా ఉంటాయి గానీ ధన, రుణ వరసలు తారుమారు. బలవంతంగా నెట్టొద్దు. పాత సప్లై మాడ్యులర్ కేబుళ్లను కొత్తదానికి అసలే వాడొద్దు.