ఆరుబయట నిలిపిన ట్రాలీని ఎందుకు, ఎలా కాపాడాలి?

చెరకు పండే జహీరాబాద్ ప్రాంతంలో, చిరాగ్‌పల్లి వంటి ఊళ్లలో, పని లేని ట్రాక్టర్ ట్రాలీ వానాకాలమంతా ఆరుబయటే నిలిస్తే, దాని ఇనుము నీటితోను, గాలిలోని ఆక్సిజన్‌తోను కలిసి తుప్పుగా మారుతుంది. తుప్పు పొరలుగా రాలిపోయే గుల్ల పదార్థం కనుక కింది లోహాన్ని కాపాడలేదు. అందుకే గీతలు పడినచోట రంగు వేసి, నీరు నిలవకుండా వెనుక తలుపు దించి, ట్రాలీని అటువైపు కాస్త వాలుగా ఉంచాలి.

తడిస్తే ఉబ్బి మెత్తబడే నల్లరేగడిలో చక్రాలు కూరుకుపోతాయి కాబట్టి గట్టి నేలను ఎంచుకొని, ఇరుసు, అంటే చక్రాలను కలిపే కడ్డీ, కింద దిమ్మెలు పెట్టి టైర్లపై బరువు తగ్గించాలి.

మంచు కురిసే దేశాల్లో ఇలాగే ఆరుబయట నిలిపే విహార ట్రైలర్లకు, అంటే కారు వెనుక లాగే బస బండ్లకు, మరో ముప్పు ఉంది: నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణం, అంటే అది ఆక్రమించే చోటు, సుమారు 9 శాతం పెరిగి వాటిలోని నీటి గొట్టాలను పగులగొట్టగలదు కాబట్టి, చలికాలానికి ముందే ఆ గొట్టాలను పూర్తిగా ఖాళీ చేయాలి.