సీటు పరీక్షకాడ గాదు, బడికాడనే తేలుతది

1959ల నెహ్రూ పునాదిరాయి ఏసిన వరంగల్ ఆర్ఈసీనే ఇయ్యాల్టి ఎన్ఐటీ. మన గడ్డ మీదున్న ఆ కాలేజీల మన సర్కారు బడి పిల్లలు ఎందరున్నరని అడిగితే, "అందరికి ఒక్కటే పరీక్ష, ఒక్కటే ర్యాంకు, ఇగ అన్యాయమేడిది?" అంటరు. ఆ మాటనే జర విప్పి చూద్దాం.

ఎన్ఐటీల సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు. బాగనే ఉన్నది. కానీ సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు గాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. గా సగంల నర్సంపేట కూలి బిడ్డ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల లక్షలు కట్టి సదివిన బిడ్డ ఒక్క వరుసలనే నిలబడాలె. రిజర్వేషన్ కులాన్ని చూస్తది, చూడాలె గూడ. బడిని మాత్రం చూడది. ఒక్క కులంల పుట్టినా జెడ్పీ బడి పిల్లకు, కార్పొరేట్ల సదివిన పిల్లకు నడుమ ఉన్న దూరం అట్లనే ఉంటది.

ఆ దూరం ఎట్ల పెరుగుతది? పైసలున్న ఇండ్లల్ల ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలైతది. మన పిల్లలకు జేఈఈ అనే పేరు ఇంటర్‌ల గాని చెవిన పడదు. ఒకసారి ర్యాంకు రాకపోతే వాళ్లు ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కూసుంటరు. మనోళ్లు పనికి పోతరు. భాష సంగతి జూడుండ్రి: జేఈఈ మెయిన్ తెలుగుల రాసే వీలు 2021ల వచ్చింది. ఐఐటీలకు పోయే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిషు, హిందీలనే. మన ఎంసెట్‌ల ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండె. 2023 నుంచి అదీ తీసేసిన్రు. ఇగ రెండేండ్ల సదువు ఒక్క పూట పరీక్షల తేలాలె, ఆ పూటకు తయారు చేసేది కోచింగే.

ఇగ చుట్టరికం. అమెరికాల పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలల్ల తాత, తండ్రి అక్కడ సదివితే పిల్లలకు మొగ్గు చూపిస్తరు. 2023ల రాజ్ చెట్టి బృందం లెక్కలు తీసింది: పరీక్షల మార్కులు సమానమున్నా, మధ్యతరగతి పిల్లలకంటే అందరికన్న పైనున్న ఒక్క శాతం ధనవంతుల పిల్లలకు అసొంటి కాలేజీలల్ల చేరే అవకాశం రెండింతలకు పైనే.

మనకాడ తాత పేరు చెప్తే సీటియ్యరు. తొవ్వ వేరే ఉన్నది. తెలంగాణ ప్రైవేటు మెడికల్ కాలేజీలల్ల సగం సీట్లే కన్వీనర్ కోటా. 35 శాతం మేనేజ్‌మెంట్‌ది, 15 శాతం ఎన్ఆర్ఐది. నీట్ క్వాలిఫై అయితే చాలు, ఆపైన మాట్లాడేది పైసలు. పంజాబ్ సర్కారు మేనమామ, మేనత్త అసొంటి దూరపు చుట్టాలను గూడ ఎన్ఆర్ఐ కోటాల కలుపవోతే, 2024 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు అది మోసమని తిట్టి పిటిషన్ కొట్టేసింది.

కాగితం మీద కనిపించని చుట్టరికం ఇంకోటున్నది. నేను ఏటా మా బస్తీ పిల్లలకు కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టిస్త. ఇంట్ల ఇంజనీరు ఉన్న పిల్లకు ఏ కాలేజి ముందు పెట్టాలె, ఏ సర్టిఫికెట్ ఎప్పట్లోపు తేవాలె ముందే ఎరుకుంటది. మన పిల్లలు ర్యాంకు తెచ్చుకొని గూడ కుల, ఆదాయ సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల సుట్టు తిరుగుతరు.

"తెలివున్నోడు ఏడున్నా పైకొస్తడు" అనేటోళ్లకు గౌలిదొడ్డి గురుకులం చూపిస్త. మంచి సార్లను, పుస్తకాలను, సదువుకునే టైమును ఇస్తే పేదల పిల్లలు ఐఐటీలకు, మెడిసిన్‌కు పోతున్నరు. అంటే కొరత తెలివిది గాదు.

మరి ఏం జెయ్యాలె? తొవ్వలు ఉన్నయి. 2008ల పెట్టిన బాసర ట్రిపుల్ ఐటీల సర్కారు బడి పిల్లల జీపీఏకు 0.4 కలిపిన్రు. తమిళనాడు 2020ల మెడికల్ సీట్లల్ల 7.5 శాతం సర్కారు బడి పిల్లలకు పక్కకు పెట్టింది. తెలంగాణ గూడ మెడికల్, ఇంజనీరింగ్ సీట్లల్ల అసొంటి కోటా పెట్టాలె, రిజర్వేషన్లను ముట్టకుండ. ఎన్ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజి ఏటా చేరిన పిల్లలు ఏ బడిల సదివిన్రో లెక్క బయటపెట్టాలె. ప్రతి సర్కారు జూనియర్ కాలేజీల కౌన్సెలింగ్ చెప్పే మనిషిని కూసోవెట్టాలె.

పరుగుపందెంల గీత ఒక్కటే గీసినమంటే సరిపోదు. కొందరు బూట్లేసుకొని సగం దూరం ముందు నిలబడ్డరు. ముందు ఆ సగం దూరం లెక్క తేల్చుండ్రి, తర్వాత మెరిట్ ముచ్చట జెప్పుండ్రి.