తెరుచుకోని టీసీ

బదిలీ ఉద్యోగుల పిల్లలకు టీసీ విలువ వేరే చెప్పక్కర్లేదు. మేమూ రెండు మూడేళ్ళకోసారి పెట్టెలు సర్దుకునేవాళ్ళమే. కిందటి ఏడాది బ్రూక్షాబాద్‌లోని మా బడికి ఒక అన్నా చెల్లెలూ వచ్చారు. పాత బడి నుంచి ఇద్దరి టీసీలూ పీడీఎఫ్‌లుగా వచ్చాయి. అన్నది చక్కగా తెరుచుకుంది. ఏడో తరగతిలో చేరాల్సిన చెల్లెలిది మాత్రం 'ఫైలు పాడైంది' అంటూ మొరాయించింది. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని, "టీచర్, నా మార్కులన్నీ పోయాయా?" అని అడిగింది.

పోలేదు. మీ పేరు, పుట్టిన తేదీ, బడిలో చేరిన తేదీ అన్నీ బడి డేటాబేస్‌లో ఒక వరుసగా ఉంటాయి, హాజరుపట్టీలో గళ్ళలాగా. టీసీ కావాలన్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ వరుసను చదివి, అప్పటికప్పుడు పీడీఎఫ్ తయారుచేస్తుంది. పాడైంది ఆ నకలు మాత్రమే.

అడోబీ సంస్థ 1993లో తెచ్చిన ఈ పీడీఎఫ్‌లో ఒక తమాషా ఉంది. పుస్తకానికి విషయసూచిక ముందుంటుంది కదా, పీడీఎఫ్‌కు మామూలుగా చివర ఉంటుంది. ఏ భాగం మొదటి నుంచి ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో అందులో రాసి ఉంటుంది. తెరిచే సాఫ్ట్‌వేర్ ముందు తోక చూసి, ఆ సూచిక పట్టుకుని, తక్కిన భాగాలను వెతుక్కుంటుంది. తోక తెగితే సూచికే దొరకదు. తల మీద నాలుగు అక్షరాలు అదనంగా చేరితే, పుస్తకం ముందు ఎవరో రెండు కాగితాలు కుట్టినట్టు, సూచికలోని అంకెలన్నీ తప్పుతాయి.

తోక తెగడం డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే జరుగుతుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చేదాకా ఈ దీవులకు ఉపగ్రహమే దిక్కు. అందుకే ఇక్కడ ఏది తెరుచుకోకపోయినా ముందు నెట్‌నే తిడతారు. మేమూ తిట్టాం. కానీ మూడుసార్లు దింపినా ఫైలు సైజు ఒక్క బైటు కూడా మారలేదు. నెట్ తప్పయితే ప్రతిసారీ అచ్చం ఒకేచోట తెగదు కదా! పైగా అన్నది తెరుచుకుంది. అంటే తేడా ఆ అమ్మాయి వరుసలోనే ఉండాలి.

ఫైలుకు ఇంకో కాపీ తీసి, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాం. (చూడండి, సేవ్ మాత్రం చేయకండి, ఉన్నది కూడా చెడుతుంది.) అర్థంకాని గుర్తులు కనబడితే కంగారుపడొద్దు, పీడీఎఫ్ లోపల అలాగే ఉంటుంది. మొట్టమొదట శాతం గుర్తు, దాని పక్కనే పీ, డీ, ఎఫ్ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలి. వాటి బదులు హెచ్‌టీఎంఎల్ అని ఉంటే మీరు దింపింది టీసీ కాదు, లాగిన్ పేజీయో ఏదో. మాకు మొదటి వరుసలో 'తేదీ సరిగా లేదు' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం కనబడింది. పీడీఎఫ్ దాని కింద మొదలైంది!

జరిగిందిది. ఆ అమ్మాయి పాత బడిలో ఏడాది మధ్యలో చేరింది. చేరిన తేదీ గడి ఖాళీగా వదిలేశారు. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని చూసి హెచ్చరిక రాసి, దాన్ని టీసీతో పాటే ఫైలులోకి పంపేసింది. కొన్ని ఫోన్లు ఇలాంటి ఫైలును సర్దుకుని తెరుస్తాయి కూడా, మా ఆఫీసు కంప్యూటర్ సర్దుకోలేదు.

ఆ వాక్యం చెరిపేస్తే పోయేదేమో. కానీ మనం చేత్తో దిద్దింది టీసీ ఎలా అవుతుంది? ఫైళ్ళు బాగుచేస్తామనే వెబ్‌సైట్లలో పెడదామని వాళ్ళన్నయ్య అన్నాడు. చెల్లెలి పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు ఊరూపేరూ తెలియనివాళ్ళ చేతికి ఇవ్వడమే అది. వద్దన్నాం. పాత బడికి ఫోన్ చేసి, ఏ గడి ఖాళీగా ఉందో చెప్పాం. వాళ్ళు తేదీ నింపి మళ్ళీ పంపారు. ఈసారి తెరుచుకుంది.

వచ్చే ఏడో, ఆపై ఏడో ఆ అమ్మాయికి మా బడి కూడా టీసీ ఇవ్వాలి. చేరిన తేదీ గడి నిండిందో లేదో ఆఫీసుకు వెళ్ళి చూసి వచ్చాం.