మామ కాళ్ళు ఎందుకు కదలవు?



ఈ నెల గోడ పత్రికకి సైన్సు వ్యాసం నన్ను రాయమన్నారు. కేంద్ర నాడీ వ్యవస్థ గురించి రాస్తున్నాను. పాఠంలో ఉన్నదే కదా, మళ్ళీ ఎందుకు అంటారేమో. కారణం మా మేనమామ.

రెండేళ్ళ కిందట ఉగాది సెలవులకి ఇంటికి వెళ్ళాను. మామ చింతకాయలు దులపడానికి చెట్టెక్కాడు. కొమ్మ విరిగి వెల్లకిలా పడ్డాడు. అందరం పరిగెత్తాం. ఒకాయన చంకల కింద పట్టుకున్నాడు, నేను కాళ్ళు పట్టుకున్నాను. లేపి కూర్చోబెట్టి నీళ్ళు పట్టాం. తర్వాత డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళాం.

ఇప్పుడు మామ బాగానే మాట్లాడతాడు. చేతులతో బుట్టలు అల్లుతాడు. నడుం నుంచి కిందికి మాత్రం చలనం లేదు. చీమ కుట్టినా తెలియదు. కాళ్ళకి ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. మరి ఎందుకు కదలవు?

మెదడు, వెన్నుపాము రెండూ కలిపి కేంద్ర నాడీ వ్యవస్థ. పెద్దవారి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అందులో ముఖ్యమైనవి మూడు భాగాలు.

మస్తిష్కం: అన్నిటికన్నా పెద్దది. ఆలోచన, జ్ఞాపకం, చూపు, మాట దీని పనులు. ఎక్కాలు గుర్తుండేది ఇక్కడే. దీని కుడి సగం శరీరంలో ఎడమ వైపుని, ఎడమ సగం కుడి వైపుని కదిలిస్తుంది.

అనుమస్తిష్కం: తల వెనక, కింది వైపు ఉంటుంది. మనం తూలి పడకుండా చూస్తుంది. తలమీద రెండు బిందెలతో మా అక్క గట్టు దిగుతుందంటే దీని వల్లనే.

మజ్జాముఖం: ఊపిరి, గుండె కొట్టుకోవడం దీని ఆధీనం. మనం నిద్రపోయినా ఇది నిద్రపోదు.

మజ్జాముఖం నుంచి కిందికి సాగేదే వెన్నుపాము. చిటికెన వేలంత లావు, పెద్దవారిలో సుమారు 45 సెం.మీ. పొడవు. వెన్నుపూసల మధ్య ఉన్న దారిలో నడుం పైభాగం దాకా వస్తుంది. దీని నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి. మెదడుకీ వెన్నుపాముకీ వరాశిక, లౌతికళ, మృద్వి అని మూడు పొరలు, మధ్యలో మస్తిష్క మేరుద్రవం ఉంటాయి. గుడ్లని గడ్డిలో పెట్టి సంతకి తీసుకెళ్తాం కదా, అలాంటి జాగ్రత్తే ఇది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు వెన్నుపాము మీదుగా మెదడుకి పోవాలి. "నడు" అని మెదడు చెప్పినా అదే దారిలో కాలికి రావాలి. మామకి వీపు మధ్యలో ఆ దారి తెగింది. చేతుల నాడులు అంతకన్నా పైన, మెడ దగ్గరే బయటికి వస్తాయి. అందుకే చేతులు బాగున్నాయి. కాళ్ళ నాడులు కింద ఉన్నాయి.

ఒక్కోసారి మామ కాలు దానంతట అదే ఎగురుతుంది. మొదటిసారి చూసి మా అమ్మమ్మ కోడిని మొక్కుకుంది. కానీ అది ప్రతీకార చర్య. వేడి గిన్నె ముట్టుకుంటే మనకి తెలిసేలోపే చెయ్యి వెనక్కి వస్తుంది కదా, ఆ ఆజ్ఞ వెన్నుపాముదే. మామకి దెబ్బ తగిలిన చోటికి దిగువన వెన్నుపాము ఇంకా పనిచేస్తోంది, మెదడుతో సంబంధం మాత్రం లేదు. ఈ సంగతి అమ్మమ్మకి నేనింకా చెప్పలేదు.

విరిగిన ఎముక అతుక్కుంటుంది. వెన్నుపాములో తెగిన నాడీ తంతువులు అలా అతుక్కోవు. పడినప్పుడే తెగిందా, మేం లేపినప్పుడా అని డాక్టరుగారిని అడిగాను. ఆయన దానికి జవాబు చెప్పలేదు. "విరిగిన పూస కదిలితే వెన్నుపాముని నొక్కేస్తుంది. ఇంకోసారి ఎవరైనా పడితే లేపకండి" అన్నారు.

కాబట్టి మిత్రులారా, ఎవరైనా ఎత్తునుంచి పడితే:

1. లేపకూడదు, కూర్చోబెట్టకూడదు, నీళ్ళు పట్టకూడదు.

2. ఒకరు తల దగ్గర కూర్చుని తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి.

3. వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

4. మోయక తప్పకపోతే డోలీ, వదులు నులక మంచం వద్దు. వాటిలో నడుం వంగిపోతుంది. నలుగురైదుగురు కలిసి, దుంగని దొర్లించినట్టు తల, నడుం, కాళ్ళు ఒకే వరసలో ఉంచి తలుపు చెక్క మీదికి చేర్చాలి. తువ్వాళ్ళతో కదలకుండా కట్టి మోయాలి.

వార్డెన్ మాస్టారికి ఒక మనవి. భోజనశాల వెనక మామిడిచెట్టు ఎక్కొద్దని మీరు ఎన్నిసార్లు చెప్పినా మేము ఎక్కుతూనే ఉన్నాం. ఇకమీదట నేను ఎక్కను. అయినా మనిషి పొడవు చెక్క ఒకటి స్టోరు గదిలో ఉంచితే మంచిది.

తమ్ముళ్ళూ, సెలవులకి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలూ ఇంట్లో చెప్పండి. ఆ రోజు మా ఊళ్ళో ఇవి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇట్లు
మీ మిత్రుడు, 10వ తరగతి