బారువ కెరటాలు, మనం వదిలేసిన రెండు యూనిట్లు

పీటీఎస్పీ అంటే ఈసీఈ వాళ్లకి వివరించక్కర్లేదు. ప్రాబబిలిటీ థియరీ అండ్ స్టొకాస్టిక్ ప్రాసెసెస్. మొదటి మూడు యూనిట్లు చదివి, చివరి రెండూ దేవుడి మీద భారం వేసి చాలామంది గట్టెక్కే సబ్జెక్టు. తమాషా ఏమిటంటే, రేపు ఎం.టెక్‌లో గానీ ఎం.ఎస్‌లో గానీ కమ్యూనికేషన్స్ తీసుకున్నా, సిగ్నల్ ప్రాసెసింగ్ తీసుకున్నా మొదటి సెమిస్టర్‌లోనే ఎదురొచ్చేవి ఆ వదిలేసిన రెండు యూనిట్లే. పాచికలు, పేకముక్కలు అక్కడ కనబడవు. స్టేషనరీ, ఎర్గోడిక్, ఆటోకోరిలేషన్ అని మొదలవుతుంది. అందరూ నిర్వచనాలు అప్పజెబుతారు. అవి ఎందుకు పుట్టాయో చాలామందికి అందదు. నాకైతే ఈ మాటలకి మా బారువ తీరం కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

బారువ తెలియనివాళ్ల కోసం: శ్రీకాకుళం జిల్లాలో సోంపేట పక్కన, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు. వెనకంతా ఉద్దానం, అంటే కొబ్బరి, జీడి, పనస తోటలు. ముందు బంగాళాఖాతం.

ఒడ్డుకి కాస్త దూరంలో నీటి మీద ఒక బోయా తేలుతోంది అనుకోండి. ఈ క్షణాన అది ఎంత ఎత్తులో ఉంది? అది ఒక ర్యాండమ్ వేరియబుల్. ఒక్క సంఖ్య. అరగంటపాటు అది ఎలా లేచిందో, ఎలా పడిందో ఆ గీత మొత్తం తీసుకుంటే ర్యాండమ్ ప్రాసెస్. ఇక్కడ సంఖ్యకి బదులు గ్రాఫుకి గ్రాఫే లాటరీలో తగులుతుంది. ఇదే గాలి, ఇదే లోతు ఉండి, కెరటాల వరస మాత్రం వేరుగా ఉన్న బారువలు లక్ష ఉన్నాయని ఊహించండి. ఆ లక్ష గీతల గుంపే ఎన్‌సెంబుల్. పుస్తకంలో మీన్ అన్నా, వేరియన్స్ అన్నా ఆ లక్ష బారువల మీద తీసే సగటే.

ఉన్నదేమో ఒకటే బారువ. మన చేతికొచ్చేది ఒకే ఒక గీత.

ఆ చివరి రెండు యూనిట్లలోని గొడవంతా ఇక్కడే ఉంది. ఒక్క గీత చూసి లక్ష గీతల సంగతి ఎప్పుడు చెప్పొచ్చు, ఎప్పుడు చెప్పకూడదు?

చెప్పాలంటే మొదట ప్రాసెస్ స్టేషనరీగా ఉండాలి. అంటే గణాంకాలు గడియారాన్ని బట్టి మారకూడదు. పొద్దున్న గాలి పడిపోయి సాయంత్రానికి లేస్తే రోజంతటికీ ఒకే వేరియన్స్ అంటే చెల్లదు. ఓ అరగంటకైతే చెల్లుతుంది. అందుకే కెరటాల రికార్డులు ఇరవై ముప్పై నిమిషాల ముక్కలుగా తీస్తారు. మొబైల్ ఛానల్‌ని కొన్ని మిల్లీసెకన్లపాటు మారనిదిగా తీసుకోవడం కూడా ఇదే ఎత్తు.

స్టేషనరీ అయితే చాలదా? చాలదు. సంచిలో రెండు నాణేలున్నాయి. ఒకటి షోలే సినిమాలో లాగా రెండు పక్కలా బొమ్మే, రెండోదానికి రెండు పక్కలా బొరుసే. కళ్లు మూసుకుని ఒకటి తీసి వెయ్యిసార్లు ఎగరేయండి. గణాంకాలు ఏ క్షణానా మారవు కాబట్టి స్టేషనరీయే. ఎన్‌సెంబుల్ సగటు సగం బొమ్మలు. మీ వెయ్యి ఎగరవేతల సగటు మాత్రం పూర్తిగా ఒకటి, లేదా సున్నా. ఎంతసేపు ఎగరేసినా మీ నాణెం గురించి తెలుస్తుంది గానీ సంచి గురించి తెలియదు. ఇది ఎర్గోడిక్ కాదు. కాలం మీద తీసిన సగటు, గుంపు మీద తీసిన సగటు ఒకటైతేనే ఎర్గోడిక్.

మామూలు రోజున అరగంట సముద్రం ఈ పరీక్ష దాదాపు పాసవుతుంది. నీటి మట్టం అంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లెక్కలేనన్ని చిన్న అలల మొత్తం. సెంట్రల్ లిమిట్ థీరమ్ ప్రకారం అది గాసియన్ అవుతుంది, కెరటాల ఎత్తులు రేలీ డిస్ట్రిబ్యూషన్‌లో పడతాయి. సిగ్నల్ బిల్డింగులకి తగిలి పది దారుల్లో ఫోన్‌కి చేరినప్పుడు వచ్చే రేలీ ఫేడింగ్‌లోనూ ఇదే లెక్క. బెల్ ల్యాబ్స్‌లో రైస్ 1944–45లో ఎలక్ట్రికల్ నాయిస్ గురించి రాసిన గణితాన్ని, 1952లో లాంగెట్-హిగిన్స్ సముద్రానికి వాడాడు. మనవాళ్ల నుంచే వాళ్లకి వెళ్లింది!

ఈ లెక్కతో ఏం పని అంటారా? హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మత్స్యకారుల కోసం కెరటాల ఎత్తు ముందే చెబుతుంది. వాళ్లు చెప్పేది సిగ్నిఫికెంట్ వేవ్ హైట్. కెరటాల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి ఎత్తులకి సగటు కడితే వచ్చే సంఖ్య అది. రెండు మీటర్లని చెబితే రెండు మీటర్లకి మించి రాదని అర్థం కాదు. రేలీ ప్రకారం దానికి రెట్టింపు, అంటే నాలుగు మీటర్లు దాటే కెరటం సుమారు మూడు వేలకి ఒకటి. ఎనిమిది సెకన్లకో కెరటం వస్తుందనుకుంటే మూడు వేల కెరటాలకి ఆరు గంటల నలభై నిమిషాలు. రాత్రి వేటకెళ్లిన బోటుకి అలాంటిది సగటున ఒకటి తగులుతుందన్నమాట. చానల్లో అంకె చదివేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకర్థం కాదు. ఇదంతా లోతు నీళ్ల లెక్కే సుమా. ఒడ్డు దగ్గర, నది మొగలో కెరటం విరిగే చోట గాసియన్ చెల్లదు.

పెద్ద కెరటాలు ఒక్కొక్కటిగా కాక గుంపుగా వస్తాయని తీరంలో ఎవరికైనా తెలుసు. పడవ దించేవాళ్లు ఆ గుంపు పోయేదాకా ఆగుతారు. ఒక కెరటం ఎత్తు పక్కదాని ఎత్తుకి సంబంధం లేకుండా ఉండదు. ఆటోకోరిలేషన్ అనే పెద్ద పేరు ఈ సంగతికే.

ఇక తుఫాన్ల దగ్గరికి వద్దాం. పైలిన్ 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర, అంటే దాదాపు మా నెత్తి మీదే దాటింది. దాంతో అక్టోబర్ పన్నెండు గండం అనేశారు. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నానికి ఉత్తరాన దాటింది కదా, దాన్ని ఆ జాబితాలో ఎవరూ చేర్చరు. నప్పేవి ఏరుకుని లెక్కేస్తే ఏ తేదీ అయినా గండమే. అసలు సంగతి గణాంకాలు ఏడాదికోసారి తిరిగి వస్తాయన్నది. బంగాళాఖాతంలో తుఫాన్లు మే ప్రాంతంలో కొన్ని, అక్టోబర్–నవంబర్‌లో ఎక్కువ. ఇలాంటి ప్రాసెస్‌ని సైక్లోస్టేషనరీ అంటారు. డిజిటల్ మాడ్యులేషన్‌లో సింబల్ పీరియడ్‌కోసారి గణాంకాలు తిరిగొస్తాయి, ఇక్కడ ఆ పీరియడ్ ఒక సంవత్సరం.

నూరేళ్లకోసారి వచ్చే తుఫాను అనే మాట ఇంకా మోసం చేస్తుంది. ఒకటి వచ్చిపోయింది కాబట్టి మనవల కాలం దాకా భయం లేదని చాలామంది అనుకుంటారు. దాని అర్థం ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని. నాటు కొబ్బరి కాపుకి రావడానికే ఆరేడేళ్లు పడుతుంది, తర్వాత అరవయ్యేళ్ల దాకా కాస్తుంది. ఏ ఏడాదికాయేడాది స్వతంత్రం అనుకుంటే, 0.99ని అరవైసార్లు హెచ్చిస్తే 0.55. అంటే నాటిన మొక్క తన జీవితకాలంలో ఆ తుఫానుని చూసే అవకాశం నూటికి 45.

జిల్లా మొత్తం మీద ఎకరాకి సగటు నష్టం ఇంత అని లెక్క వస్తుంది. అది ఎన్‌సెంబుల్ సగటు. ఉద్దానం రైతుకి ఉన్నది ఒక తోట, ఒక జీవితం. చెట్లు కూలితే ఆ ఏడాది పంట ఒక్కటే కాదు, తర్వాత కొత్త మొక్క కాపుకొచ్చేదాకా అన్నేళ్ల పంటా పోయినట్టే. మంచి ఏళ్లు వచ్చి దాన్ని సగటుకి తెస్తాయన్న హామీ లేదు. సంచిలోంచి ఒక్కసారే తీసే నాణెం లాంటిదే ఇది.

మరి తెలివైన పద్ధతి వాడి ఉన్న కాస్త డేటాతోనే కచ్చితంగా చెప్పలేమా? దీనికి జవాబు మన పక్కనే విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావు 1945లో ఇచ్చారు. క్రామర్–రావు బౌండ్ అది. పక్షపాతం లేని ఎస్టిమేటర్ ఏది తయారుచేసినా దాని వేరియన్స్ ఒక హద్దు కంటే కిందికి దిగదు. ఆ హద్దు స్వతంత్రమైన పరిశీలనల సంఖ్య పెరిగినకొద్దీ తగ్గుతుంది, వేరే దారి లేదు. అరగంటలో బోయాకి తగిలే కెరటాలు సుమారు 225. తుఫానుకి 225 అక్టోబర్లు కావాలంటే 225 ఏళ్లు ఆగాలి. ఈలోగా సముద్రం వేడెక్కి స్టేషనరీ అన్న మాటకే ఎసరొస్తుంది.

అందుకే తుఫాను లెక్కలు వేసేవాళ్లు లేని ఎన్‌సెంబుల్‌ని కంప్యూటర్లో తయారుచేసుకుంటారు. గోపాల్‌పూర్, కళింగపట్నం, విశాఖ తీరాల తుఫాన్లన్నీ కలిపి, అవి ఎలా కదిలాయో నేర్చుకుని, వేల ఉత్తుత్తి తుఫాన్లని నడిపిస్తారు. తిత్లీ తీరం దాటాక ఈశాన్యానికి వంపు తిరిగింది. అలాంటి అరుదైన దారి కూడా ఆ వేలల్లో ఎన్నో కొన్నిసార్లు రాకపోతే మోడల్‌ని మళ్లీ మొదటి నుంచి సరిచేయాల్సిందే.