ఒక్క ఫైలు కోసం అత్తిబెలె దాటక్కర్లేదు

హోసూరు: శనివారం పొద్దున్నే పని ముందేసుకుని కూర్చున్నాక గుర్తొస్తుంది.. కావాల్సిన ఎక్సెల్ షీటు ఆఫీసు కంప్యూటర్లోనే ఉండిపోయిందని. ఆఫీసేమో అత్తిబెలె అవతల, ఎలక్ట్రానిక్ సిటీలో. రానూపోనూ 40 కిలోమీటర్ల పైమాటే. ఇక హోసూరు రోడ్డు ట్రాఫిక్ గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది!

కంపెనీ వీపీఎన్, రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చి ఉంటే ఈ తిప్పలు ఉండవు. అయితే చాలామంది ఆఫీసు తెర ఇంట్లో కనిపించడంతోనే సరిపెట్టుకుంటారు. ఫైలు ఇవతలికి ఎలా తేవాలో తెలియక తమకు తామే మెయిల్ పంపుకుంటారు. జీమెయిల్‌లో జత చేసేది 25 ఎంబీ దాటితే అదీ కుదరదు.

డ్రైవ్ కలిపేదిలా..

విండోస్‌లో 'రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్' తెరిచి, కనెక్ట్ కొట్టక ముందే 'షో ఆప్షన్స్'లోకి వెళ్లాలి. అక్కడ 'లోకల్ రిసోర్సెస్', అందులో 'మోర్' నొక్కి 'డ్రైవ్స్' దగ్గర ఇంటి డ్రైవ్‌కు టిక్కు పెట్టాలి. కనెక్ట్ అయ్యాక ఆఫీసు కంప్యూటర్ 'దిస్ పీసీ'లో మన ఇంటి డ్రైవ్ కూడా కనిపిస్తుంది. అటు ఫైలు ఇటు, ఇటుది అటు కాపీ చేసుకోవచ్చు. చిన్న ఫైళ్లకైతే కాపీ, పేస్ట్ చాలు. 2 జీబీ దాటినవి మాత్రం పేస్ట్‌కు లొంగవు, డ్రైవ్ దారిలోనే పంపాలి. ఫైలును అక్కడి నుంచే తెరిచి దిద్దబోతే నత్తనడకే. ముందు కాపీ చేసుకుని ఆ తర్వాత తెరవడం మేలు.

ఇంటి నుంచి పంపేటప్పుడు లెక్క అప్‌లోడ్ వేగానిది. అది 1 ఎంబీపీఎస్ అయితే 100 ఎంబీ ఫైలుకు 13 నిమిషాలకు పైనే పడుతుంది. అన్నట్టు, శుక్రవారం సాయంత్రం ఆఫీసు కంప్యూటర్ షట్‌డౌన్ చేసి వచ్చారంటే ఇవేవీ పనిచేయవు.

ఆఫీసులో కూర్చుని ఇంటి ఫైలు అందుకోవాలంటే ఇంట్లో విండోస్ 'ప్రో' ఉండాలి. 'హోమ్' రకంలోకి ఇలా బయటి నుంచి రానివ్వదు. ఇందుకోసం రూటర్‌లో 3389 పోర్టు తెరిచి పెట్టడం మాత్రం వీధి తలుపు బార్లా తీసి పడుకోవడమే. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ ముఠాలు వెతికేది అలాంటి తలుపుల కోసమే.

అడిగే తెచ్చుకోండి

చాలా కంపెనీలు డ్రైవ్ కలిపే వీలును కావాలనే ఆపేస్తాయి. ఆపలేదు కదాని తెచ్చేసుకోవడమూ తప్పే. అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం కట్టాల్సి రావచ్చు. అందులో దురుద్దేశం ఉందని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఉద్యోగం సంగతి సరేసరి. మేనేజరుకు ఒక్క మెయిల్ పెట్టి అడిగితే పోయేదేమీ లేదు.

ఎనీడెస్క్ వంటి యాప్‌లతోనూ ఫైళ్లు పంపుకోవచ్చు. కానీ బ్యాంకు నుంచంటూ ఎవరో ఫోన్ చేసి ఆ యాప్ వేసుకోమంటే వెంటనే పెట్టేయండి. ఇలాంటి మోసాల మీద రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది.

తెలుగు డీటీపీ పని ఇంటికి తెచ్చుకునేవారికి ఇంకో చిక్కుంది. అను ఫాంట్లతో చేసిన ఫైలు ఒక్కటే వస్తే తెర మీద అర్థం కాని గీతలే కనిపిస్తాయి. ఇంట్లోనూ ఆ ఫాంటు ఉండాలి. ప్రూఫు చూసుకోవడానికే అయితే ఆఫీసు కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి తెచ్చుకోవచ్చు. యూనికోడ్‌లో టైపు చేసినవాటికి ఈ బాధ లేదు.