పాత పనిముట్ల విక్రయము: కొన్నవారితో వచ్చు తగవులు

పూర్వము రైతు తన పాత ఆయిలు ఇంజనును అమ్మదలచినయెడల, కొనువాడు సామాన్యముగా పొరుగూరివాడై యుండెడివాడు. అతడు వచ్చి, ఇంజనును త్రిప్పించి, పొగ చూచి, నలుగురి యెదుట బేరమాడి కొనెడివాడు. పిమ్మట లోపమేదైన బయటపడినను, ఇరువురను ఎఱిగిన పెద్దమనిషి యొకడు దానిని రచ్చబండకడ తీర్చుచుండెను. ఇప్పుడు ఫోనులో నాలుగు ఫోటోలు ఉంచినంతనే మఱునాటికి మూడు జిల్లాలనుండి పిలుపులు వచ్చుచున్నవి. ధర బాగుగా పలుకుచున్నది. దళారి బెడద తగ్గినది. ఇది లాభమే. కాని కొనువాడు ముఖమెఱుగనివాడు, వస్తువును ఫోటోలో మాత్రమే చూచినవాడు, మధ్యవర్తి లేడు. అందుచేత బేరము కుదిరినంత సులభముగా తగవు తీఱుట లేదు.

ప్రదర్శన క్షేత్రములకు వచ్చు రైతులు పైరుల సంగతితోపాటు ఇట్టి తగవులను గూర్చియు మమ్ము తఱచుగా అడుగుచున్నారు. వానిని విచారించినకొలది మాకు తోచినదేమనగా: తగవు అమ్మకము తరువాత మొలకెత్తినను, దాని విత్తనము అమ్మకమునకు ముందే పడుచున్నది. చెప్పవలసినది చెప్పకుండుట, చెప్పినది వ్రాయకుండుట, వ్రాసినదానిని పరీక్షించి చూపకుండుట, ఈ మూడును దానికి మూలములు.

చట్టమేమి చెప్పుచున్నది

పాత వస్తువును అమ్మిన రైతుకు వర్తించు ముఖ్యమైన చట్టములు రెండు: 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 1930 నాటి సరకుల విక్రయ చట్టము. ఆన్‌లైను వర్తకమును గూర్చి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమములు, ఒక వ్యక్తి తన సొంత వస్తువును వృత్తిగా గాక ఎప్పుడో యొకసారి అమ్ముకొనుటకు వర్తింపవు. మాటిమాటికి కొని యమ్ముటయే వ్యాపారముగా పెట్టుకొన్నవాని సంగతి వేఱు.

విక్రయ చట్టము ప్రకారము, వస్తువును వర్ణించి అమ్మినచో, అది ఆ వర్ణనకు సరిపోవలెను. కావున ఫోనులో వ్రాసిన ప్రకటనయే షరతుగా పరిణమించును. “2016 మోడలు” అని వ్రాసి 2012 నాటి బండిని అప్పగించినచో, కొన్నవాడు దానిని నిరాకరింపవచ్చును. ఆ విధముగా న్యాయముగా నిరాకరించిన సరకును తిరిగి తెచ్చి యిచ్చు బాధ్యతకూడ అతనికి లేదు. నిరాకరించితినని తెలియజేసిన చాలును. వేఱొప్పందము లేనిచో తెచ్చుకొనవలసినది అమ్మినవాడే. ఇది చాలమంది రైతు లెఱుగరు.

ఇంక చెప్పని లోపముల మాట. కొనువాడు తన కన్నులతో చూచి కొనవలెననుట సామాన్య సూత్రము. ఊరకుండుట మాత్రమే మోసము కాదని కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. ఆ చట్టములోనే గుఱ్ఱపు దృష్టాంతమొకటి కలదు. రోగమున్న గుఱ్ఱమును వేలములో అమ్మినవాడు ఏమియు చెప్పకున్నచో అది మోసము కాదు. కాని కొనువాడు, “నీవు కాదనకున్నచో గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదని తలంతును” అని యడిగినప్పుడు మౌనము వహించినచో, ఆ మౌనము మాటతో సమానము. గుఱ్ఱముల కాలమునాటి యీ దృష్టాంతము నేటి ట్రాక్టరునకును సరిపోవును. “గేరుబాక్సు బాగున్నదనుకొని బయలుదేరుచున్నాను” అని కొనువాడు వాట్సాపులో వ్రాసినప్పుడు, లోపమెఱిగియు బదులీయని రైతు ఊరకుండినవాడు కాడు, మాటయిచ్చినవాడే యగును.

“ఉన్నది ఉన్నట్లు అమ్ముచున్నాను” అను మాటను కొందఱు సకల రోగములకు మందుగా నెంచుదురు. అది తెలియని లోపముల విషయమున కొంత రక్షణయే గాని, తెలిసి చెప్పిన అబద్ధమును కప్పజాలదు.

ప్రకటన వ్రాయు పద్ధతి

ప్రకటనలో పొగడ్త తగ్గించి కొలతలు పెంచవలెను. “బ్రహ్మాండముగా పనిచేయును” అను వాక్యము తగవులకు పుట్టినిల్లు. దానికి బదులు ఏ సంవత్సరము కొన్నది, ఎన్ని గంటలు నడచినది, ఏ భాగము మార్చినది, ఏది అరిగినది వ్రాయవలెను. ట్రాక్టరుకు గంటల మీటరు అంకెను ఫోటోతో సహా ఇచ్చి, మీటరు కొంతకాలము పనిచేయకున్నచో ఆ సంగతియు తెలుపవలెను. రోటవేటరుకు బ్లేడుల అరుగుదలను, గేరుబాక్సునుండి చమురు కాఱుచున్నచో దానిని దగ్గఱగా ఫోటో తీసి చూపవలెను. మోటారునకు వైండింగు తిరిగి చుట్టించినచో, ఎన్నిమార్లు చుట్టించినది చెప్పవలెను. బ్యాటరీ స్ప్రేయరునకు ఒక చార్జితో ఎన్ని ట్యాంకులు కొట్టగలిగినది చెప్పవలెను.

లోపము చెప్పినచో ధర తగ్గునని భయపడువారు కలరు. తగ్గును. కాని ముందు తగ్గిన వేయి రూపాయలు, తరువాత వచ్చు రవాణా ఖర్చుకంటెను, వ్యవసాయపు పనుల రోజులలో పోలీసు ఠాణా చుట్టు తిరుగుటకంటెను చౌక.

వస్తువు ఏ పరిస్థితిలో పనిచేసినదో చెప్పుట అంతకంటె ముఖ్యము. ఒక రైతు తన 5 అశ్వశక్తుల సబ్‌మర్సిబుల్ మోటారును పంపుతో సహా ఆన్‌లైనులో ప్రకటించి అమ్మెను. అతని బోరున అది నిండుగా నీరు పోసినది. కొన్నవాని బోరు అంతకు మిక్కిలి లోతైనది. నీరు సన్నగిల్లగా, “పాడైన మోటారును అంటగట్టితివి” అని తగవు వచ్చినది. నిజమునకు మోటారు పాడైనది కాదు. ప్రతి పంపును ఒక నిర్ణీతమైన ఎత్తునకు నీరు తోడునట్లు నిర్మింతురు. ఎత్తు పెరిగినకొలది నీరు తగ్గును. “ఇన్ని అడుగుల లోతున, ఇన్ని అంగుళముల గొట్టముతో నడచినది” అని ప్రకటనలో ఒక్క పంక్తి యుండినచో ఆ తగవే లేకుండెడిది.

పరీక్షయు, రసీదును

దూరమువారైనను, స్వయముగ వచ్చి చూచినగాని అప్పగింపబోమని చెప్పుట మేలు. రాలేనిచో వారు నమ్మిన మెకానిక్కును పంపుమనవలెను. ఇంజనును చల్లగా నున్నప్పుడే స్టార్టు చేసి చూపవలెను. ముందే వేడిచేసి యుంచిన యింజను చూచువానికి అనుమానము కలిగించును. పరీక్షను ఫోనులో వీడియోగా తీసి, తేదీతో భద్రపఱచి, కొన్నవానికిని ఒక ప్రతి పంపవలెను.

రసీదు రెండు ప్రతులుగా వ్రాయవలెను. అందు ఉండవలసినవి: ఇరువురి పేర్లు, ఊర్లు, వస్తువు పేరు, తయారీ సంఖ్య, ధర, పుచ్చుకొన్న విధము, చెప్పిన లోపముల పట్టిక, పరీక్షించిన తేదీ, అప్పగించిన తేదీ, గంట, రవాణా ఖర్చు, దారిలో నష్టము ఎవరివో, తిరిగి తీసుకొను షరతు కలదో లేదో, కలిగినచో ఎన్ని దినములో. సంచకారము పుచ్చుకొన్నచో, ఏ తేదీవఱకు వస్తువు నిలిపి యుంతురో, గడువు దాటిన ఆ సొమ్మేమగునో వ్రాయవలెను. అయిదువేల రూపాయలకు మించిన సొమ్మునకు ఇచ్చు రసీదుపై ఒక రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించవలెను. సాక్షిగా సంఘపు కార్యదర్శినో, ఊరిపెద్దనో పిలిచినచో, ఆన్‌లైను బేరమున లోపించిన పెద్దమనిషి మఱల దొరకినట్లే.

సొమ్ము విషయము

తగవులలో కొన్ని తగవులే కావు. అవి తగవు వేషము ధరించిన దొంగతనములు. “సొమ్ము పంపితిని, చూడుము” అని ఫోటో పంపుట, “పొరపాటున ఎక్కువ పంపితిని, మిగులు తిరిగి పంపుము” అని ఒత్తిడి పెట్టుట వాని మచ్చులు. ఫోటోను నమ్మక, బ్యాంకు ఖాతాలో నిలువ పెరిగినదో లేదో చూచిన పిమ్మటనే వస్తువును కదలనీయవలెను. యు.పి.ఐ. ద్వారా సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను సంఖ్య కొట్టనక్కఱలేదు. పిన్ను కొట్టుమన్నవాడు సొమ్ము ఇచ్చువాడు కాడు, తీసికొనువాడు. మోసపోయినట్లు తెలిసిన తక్షణము 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును దారిలో నిలుపుట కంత అవకాశము కలుగును. మఱియు 2017 ఏప్రిలు 1 నుండి ఒక లావాదేవీలో రెండు లక్షల రూపాయలు గాని అంతకెక్కువ గాని నగదుగా పుచ్చుకొనుట నిషిద్ధము. జరిమానా పుచ్చుకొన్నవానిపైననే పడును. ట్రాక్టరు అమ్మువారు దీనిని మఱువరాదు.

ఫిర్యాదు వచ్చినప్పుడు

ఎంత జాగ్రత్తపడినను ఫిర్యాదు రావచ్చును. మొదటి పని ఫోను కట్టివేయకుండుట. బదులీయనివానిని లోకము దోషియనియే తలచును. రెండవ పని, ఫోనులో వాదింపక, “లోపమేమో వ్రాసి, ఫోటో పంపుడు, రేపటిలోగా బదులు చెప్పెదను” అనుట. కోపములో పలికిన మాటలు తరువాత రుజువులుగా నిలుచును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య చట్టము ప్రకారము, ఫోనులోని వ్రాతలును ఫోటోలును నియమము చొప్పున ధ్రువపత్రముతో దాఖలు చేసినచో సాక్ష్యములగును. కావున వానిని చెఱిపివేయరాదు.

పిమ్మట ఆ ఫిర్యాదు క్రింది మూడింటిలో ఏ జాతిదో నిర్ణయింపవలెను.

మొదటిది, మనము చెప్పినదానికి విరుద్ధమైన లోపము. ఇందు మన పక్షమున వాదము లేదు. వస్తువును తిరిగి తీసికొని సొమ్మిచ్చుటయో, మరమ్మతు ఖర్చు భరించుటయో వెంటనే చేయవలెను. కొన్నవాడు వస్తువును స్వీకరించి వాడుకొన్న పిమ్మట, వేఱొప్పందము లేనిచో, సామాన్యముగా నష్టపరిహారమే గాని వస్తువును త్రిప్పివేయు హక్కు ఉండదు. కావున మరమ్మతు ఖర్చుతో పరిష్కారము కుదురుట తఱచు.

రెండవది, చెప్పి, చూపి, వ్రాసియిచ్చిన లోపము. ఇందు రసీదు ప్రతిని మర్యాదగా పంపి, ఆ పంక్తిని చూపిన చాలును. ఎక్కువ మాటలు వలదు.

మూడవది, అమ్మిన తరువాత వాడుకవలన కలిగిన చెఱుపు. రెండు స్ట్రోకుల పెట్రోలు స్ప్రేయరున పెట్రోలుతో కలిపిన నూనెయే యింజనుకు కందెన. అది కలుపక వట్టి పెట్రోలు పోసి నడపినచో పిస్టను పట్టివేయును. అట్టి చోట నేరము వస్తువుది కాదు. నిష్పక్షపాతియైన మెకానిక్కు చేత విప్పించి, కారణము వ్రాయించి తీసికొనుట మంచిది. ఆ రుసుము ఇరువురును సగము సగము భరించినచో అతని మాటను ఇరువురును నమ్ముదురు. అప్పగించునాడే వాడుక విధమును కాగితముపై వ్రాసియిచ్చుట అంతకంటెను మంచిది.

ఏ జాతియో తేలనప్పుడు కొంత తగ్గించి రాజీపడుట పిఱికితనము కాదు. అయితే రాజీ కుదిరినవెంటనే, “ఇంతటితో ఈ వస్తువు విషయమున ఇకనేమియు బాకీ లేదు” అని ఇరువురి సంతకములతో వ్రాయించుకొనవలెను. లేనియెడల ఒక్క ఫిర్యాదు మూడుసార్లు వచ్చును.

ట్రాక్టరు అమ్మినవారికి ప్రత్యేక హెచ్చరిక

ఇతర వస్తువులు అప్పగించినతో మన బాధ్యత చాలవఱకు తీఱును. ట్రాక్టరు అట్లు కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, అదే రాష్ట్రములో అమ్మినచో 14 దినములలోను, వేఱు రాష్ట్రమునకైనచో 45 దినములలోను అమ్మినవాడు రవాణా అధికారికి తెలుపవలెను. కొన్నవాడును 30 దినములలో తన పేర మార్పించుకొనవలెను. ఇందులకు 29వ, 30వ ఫారములు కలవు. బ్యాంకు అప్పు తీఱినచో 35వ ఫారమును, వేఱు రాష్ట్రమునకు పోవునప్పుడు 28వ ఫారమును కావలెను. ఖాళీ ఫారములపై సంతకము చేసియిచ్చి, “నేను మార్పించుకొందును” అన్న మాటను నమ్మి ఊరకుండుట మిక్కిలి ప్రమాదకరము. రిజిస్టరులో ఎవరి పేరుండునో అతడే యజమాని యగునని, ప్రమాదమున నష్టపరిహారపు బాధ్యత అతనిపై పడునని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. మూడేండ్ల క్రిందట అమ్మిన బండి ఎచ్చటనో మనిషిని గ్రుద్దినచో, నోటీసు పాత యజమాని గుమ్మమునకు వచ్చును. పేరు మాఱువఱకు ధరలో కొంత నిలిపియుంచుట యను ఆచారము కొన్నవానికి అనుకూలము. అమ్మినవాడు మాత్రము కొన్నవానిని వెంటబెట్టుకొని స్వయముగా పత్రములు దాఖలు చేయించుటయే మార్గము.

తగవు తీఱనిచో

ఇంటివద్ద తీఱని తగవును నేరుగా దావాకు కొనిపోక, మండల న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టుకొనవచ్చును. 1987 నాటి చట్టముచే ఏర్పడిన లోక్ అదాలతులో కోర్టు రుసుము లేదు. ఇరువురును ఒప్పుకొన్నగాని తీర్పు లేదు. ఒప్పుకొని వ్రాయించిన తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. అమ్మిన సరకు ధర రాకున్నచో దావాకు సామాన్యముగా మూడేండ్ల గడువు కలదు. ఆ గడువు దాటనీయరాదు.

రైతునకు పాత వస్తువు అమ్మకము ఏటికొకటియో రెండో. కాని ఫోనులో వచ్చిన పేరు ఆ ఒక్క వస్తువుతో పోదు. రేపు అతడే తన మామిడినో, మిరపనో, విత్తనములనో అదే ఫోనులో అమ్మదలచును. లోపము చెప్పి యింజను అమ్మినవాని మిరపను తూకము చూడకయే కొనువారుందురు. కావున ఈ నెల ఎవరైన పాత పనిముట్టు అమ్మదలచినచో, ప్రకటన పెట్టుటకు ముందు ఒక కాగితము తీసి, దాని లోపములను వరుసగా వ్రాసికొనుటతో ఆరంభింప గోరుచున్నాము.